36బి బ్రా వేసుకుంటే వెనక బ్యాండ్ పైకి పోతోంది, సైజు పెంచాలా?

పెంచొద్దండి, బ్యాండ్ సైజు తగ్గించాలి. బ్యాండ్ వీపు మీద పైకి పోతోందంటే అది లూజ్ అని అర్థం. బరువు చాలావరకు బ్యాండే మోయాలి, అది లూజైతే భారమంతా స్ట్రాప్స్ మీద పడి భుజాల మీద గాట్లు పడతాయి, మనమేమో స్ట్రాప్స్ ఇంకా బిగిస్తాం, దాంతో వెనక ఇంకా పైకి లేస్తుంది.

34సి ట్రై చేయండి, ఇందులో అంకె బ్యాండ్ సైజు, అక్షరం కప్పు సైజు. కప్పు దాదాపు 36బి అంతే ఉంటుంది, బ్యాండ్ మాత్రం బిగుతవుతుంది. 34సిలో సి, 38సిలో సి ఒకటే సైజు కాదు, ఈ సంగతి షాపుల్లో ఎవరూ చెప్పరు, 34 అంటే 34 ఇచ్చి పంపేస్తారు.

కొత్తది కొనేటప్పుడు బాగా లూజుగా ఉండే చివరి హుక్కు వరసలోనే సరిపోవాలి, వాడుతుంటే ఎలాస్టిక్ సాగుతుంది కదా, అప్పుడు లోపలి వరసలకి మారొచ్చు. వేసుకున్నాక కాస్త ముందుకి వంగి, చంక పక్కనున్నదంతా చేత్తో కప్పులోకి సర్దుకుని, అప్పుడు అద్దంలో చూడండి. పైనుంచి పొంగుతుంటే కప్పు చిన్నది. కింద నిండుగా ఉండి పైన మాత్రమే ఖాళీగా ఉంటే అది ఎక్కువసార్లు సైజు సమస్య కాదు, మీ షేప్‌కి ఫుల్ కవరేజ్ (మొత్తం కప్పేసే కప్పు) నప్పట్లేదు, పైభాగం తక్కువగా కప్పే డెమీ కప్ లేదా బాల్కనెట్ రకం వేసి చూడండి.