పక్కింటి అబ్బాయి ఏఐ చదివాడని పాప ప్రాజెక్టు మాన్పించాలా?

ప్రశ్న: మాది పుత్తూరు. మా పాప తిరుపతిలో ఈఈఈ (ఎలక్ట్రికల్ ఇంజినీరింగ్) ఆఖరి సంవత్సరం. సీరీస్ కెపాసిటర్లు (వరసలో కలిపే కెపాసిటర్లు) పెట్టిన ట్రాన్స్‌మిషన్ లైన్‌లో షార్ట్ సర్క్యూట్ లాంటి ఫాల్ట్ వస్తే గ్రిడ్ నిలబడుతుందా లేదా అని కంప్యూటర్‌లో సిమ్యులేషన్ ప్రాజెక్టు చేస్తోంది. పక్కింటి అబ్బాయి ఆరు నెలల ఏఐ కోర్సు చేసి బెంగళూరు వెళ్లాడు. పాపను కూడా అందులో చేర్చమంటున్నారు. రెండింట్లో ఏది మేలో పోల్చి చెప్పండి.

జవాబు: మీరు పోల్చి చెప్పమన్నారు గానీ, ఉత్తరం వెనక నాకు కనబడుతున్నది వేరే భయం. ఆడపిల్ల కరెంటు పనిలో పడి స్తంభాలు, సబ్‌స్టేషన్ల చుట్టూ తిరగాల్సి వస్తుందేమోనని. ఇలాంటి భయంతో వచ్చే తల్లిదండ్రులను ఏటా చూస్తున్నాను. టెన్షన్ పడకండి, పాప నేర్చుకుంటున్నది కంప్యూటర్ ముందు కూర్చుని చేసే పని.

పొడవాటి లైన్‌కు రియాక్టెన్స్, అంటే ఏసీ కరెంటుకు లైన్ పెట్టే ఒక రకం అడ్డు, ఎక్కువ. అందువల్ల దాని మీద పంపగలిగే పవర్‌కు ఒక హద్దు ఉంటుంది. వరసలో కెపాసిటర్ పెడితే ఆ రియాక్టెన్స్‌లో కొంత చెల్లిపోయి, కొత్త టవర్లు వేయకుండానే ఎక్కువ పవర్ పంపవచ్చు. చిక్కంతా ఫాల్ట్ వచ్చినప్పుడే. మధ్యలో ఉన్న కెపాసిటర్ వల్ల ఫాల్ట్‌ను పసిగట్టే రిలేకు ఫాల్ట్ ఎంత దూరంలో ఉందో తప్పుగా కనబడవచ్చు. మన 50 హెర్ట్జ్‌లో ఒక సైకిల్ అంటే 20 మిల్లీసెకన్లు. లైన్‌ను తెంచే బ్రేకర్ కొన్ని సైకిళ్లు ఆలస్యంగా తెరుచుకున్నా జనరేటర్ గ్రిడ్‌తో సింక్ (లయ) తప్పిపోవచ్చు. 1970, 71లలో అమెరికాలోని మొహావే పవర్ స్టేషన్‌లో ఇలాంటి లైన్‌తో రెజొనెన్స్ (లైనూ మెషీనూ ఒకదాన్నొకటి ఊపడం) ఏర్పడి జనరేటర్‌ను తిప్పే షాఫ్టే దెబ్బతింది. 2009లో టెక్సాస్‌లో గాలిమరల ప్లాంటుకూ ఇలాంటి లైన్‌తోనే నష్టం జరిగింది. ఇప్పుడు కర్నూలు, అనంతపురం వైపు సోలార్ ప్లాంట్లను గ్రిడ్‌కు కలపాలన్నా, ఫాల్ట్ వచ్చినప్పుడు అవి ఎలా నడుచుకుంటాయో ముందే సిమ్యులేషన్‌లో చూపాలి. చూపేవాళ్లు కావాలి కదా!

ఏఐ చదువు మీద నాకు చిన్నచూపు లేదు. ఆరు నెలల కోర్సుల మీదే నమ్మకం కుదరడం లేదు. ఆ కోర్సులు చేసి నా దగ్గరికొచ్చే పిల్లల్లో చాలామంది చూపించేవి అందరూ చేసే అభ్యాసాలే: ఇళ్ల ధరల అంచనా, టైటానిక్ ప్రయాణికుల డేటా. 'ఈ కాలమ్ ఎందుకు తీసేశావమ్మా?' అని అడిగితే తల దించుకుంటారు. తప్పు పిల్లలది కాదు, లెక్కల పునాది లేకుండా ఫీజు కట్టించుకున్నవాళ్లది. పక్కింటి అబ్బాయి బెంగళూరు వెళ్లాడన్నారు. ఏ పనిలో చేరాడో ఒక్కసారైనా అడిగారా? అడక్కుండానే మూడేళ్లు చదివిన చదువును పక్కన పెట్టించాలని చూడటం న్యాయం కాదండీ. ఇంతకీ, పాపకేం ఇష్టమో మీ ఉత్తరంలో ఒక్క ముక్క కూడా లేదు.

పాప దారిలోనూ కష్టం ఉంది. క్యాంపస్‌కు వచ్చే కంపెనీలు తక్కువ, మొదటి ఉద్యోగానికి ఓపిక పట్టాలి. కానీ దక్షిణాది గ్రిడ్‌ను నడిపే లోడ్ డిస్పాచ్ సెంటర్, సీపీఆర్ఐ (విద్యుత్ రంగ పరిశోధన సంస్థ) రెండూ బెంగళూరులోనే ఉన్నాయి. పవర్ పరికరాల కంపెనీలు చెన్నైలో ఉన్నాయి. రెండూ మీకు దగ్గరే. ఈ రంగంలో వందల సిమ్యులేషన్ కేసులు ఒకేసారి నడపడానికి పైథాన్ అనే ప్రోగ్రామింగ్ భాష వాడతారు, కాబట్టి కోడింగ్ నేర్చుకున్నా వృథా పోదు.

పాపకు ఒక మాట. నిరుడు ఒక అబ్బాయి తెచ్చిన రిపోర్టులో లైన్ 735 కేవీ, ఫ్రీక్వెన్సీ 60 హెర్ట్జ్ అని ఉంది. మాట్‌లాబ్ అనే సాఫ్ట్‌వేర్‌తో వచ్చే ఉదాహరణను యథాతథంగా దించేశాడు. మన దేశంలో 400, 765 కేవీ లైన్లు, 50 హెర్ట్జ్. ఇంటర్వ్యూలో మొదటి నిమిషంలోనే దొరికిపోతాడు. నువ్వు 400 కేవీ లైన్ తీసుకో. ఫాల్ట్ చోటు, కెపాసిటర్ చెల్లించే రియాక్టెన్స్ శాతం, బ్రేకర్ తెరుచుకునే సమయం మార్చి మార్చి చూడు. ఏ మిల్లీసెకను దగ్గర రోటర్ యాంగిల్ (జనరేటర్ తిరిగే భాగం గ్రిడ్‌కు ఎంత ముందుందో చెప్పే కోణం) అదుపు తప్పుతుందో నోటుబుక్కులో రాసుకో.

అయ్యా, ఈ ఆదివారం పాప పక్కన కూర్చుని ఆ రోటర్ యాంగిల్ గ్రాఫ్ చూపించమనండి. కోర్సు ఫీజు కట్టకపోతే ఆగండి. కట్టేసి ఉంటే, ప్రాజెక్టు వైవా అయ్యాక వచ్చే బ్యాచ్‌లో చేరతామని ఈ వారమే అడగండి.