సాల్ట్ లేక్ స్టేడియంలో సీట్లు ఎందుకు తగ్గాయి?

ప్రశ్న: కోల్‌కతా సాల్ట్ లేక్ స్టేడియంలో ఒకప్పుడు లక్ష మందికి పైనే పట్టేవాళ్లట కదండీ, రెనొవేషన్ చేశాక కెపాసిటీ పెరగాలి గానీ తగ్గడమేంటి?

జవాబు: చాలామందికి ఉన్న డౌటే ఇది. 1984లో ఓపెన్ అయిన ఈ స్టేడియంలో మూడు అంచెల గ్యాలరీ, అప్పటి కెపాసిటీ 1,20,000, కానీ అది కాంక్రీట్ గ్యాలరీల మీద ఒకరినొకరు ఆనుకుని కూర్చుంటే వచ్చే లెక్క. 1997 జూలై 13న ఫెడరేషన్ కప్ ఫుట్‌బాల్ సెమీఫైనల్‌కి అయితే 1,31,781 మంది వచ్చారు, బైచుంగ్ భూటియా హ్యాట్రిక్ కొట్టాడు, అతని క్లబ్ ఈస్ట్ బెంగాల్ 4-1తో కోల్‌కతాలోనే మరో క్లబ్ అయిన మోహన్ బగాన్‌ని ఓడించింది, ఆ రోజు గురించి చదివితే ఇప్పటికీ ఒళ్లు గగుర్పొడుస్తుంది నాకు.

2017 అండర్-17 ఫుట్‌బాల్ వరల్డ్ కప్ కోసం మొత్తం మార్చారు. విడివిడిగా బకెట్ సీట్లు బిగించారు, ఒక్కో మనిషికి ఇంత చోటు అని ఇచ్చేసరికి కెపాసిటీ 85,000కి దిగింది, ఆ టోర్నీలో అయితే ఇంకా తగ్గించి 66 వేల చిల్లర మందినే అనుమతించారు. 2011లో పరిచిన ఆర్టిఫిషియల్ టర్ఫ్ కూడా తీసేసి మామూలు గడ్డి పెంచారు, నన్నడిగితే ఆటగాళ్లకి అసలు మేలు ఇదే, కింద పడినా ఒళ్లు అంతగా గీసుకుపోదు. ఆ గడ్డి మీదే ఫైనల్లో ఇంగ్లండ్ 5-2తో స్పెయిన్‌ని కొట్టింది, అదీ 0-2 వెనకబడి!

రన్నింగ్ ట్రాక్ మాత్రం అలాగే ఉంది, అందుకే గోల్ వెనక కూర్చున్నవాళ్లకి ఆట కాస్త దూరంగానే కనిపిస్తుందండీ.