చాట్‌లో తెగని పంచాయితీ

ప్రశ్న: మాది విజయనగరం, మూడు లాంతర్ల దగ్గర ఇల్లు. ఇంటి నుంచే సాఫ్ట్‌వేర్ ఉద్యోగం, టీమ్‌లో సగంమంది డాలస్‌లో ఉంటారు. మొన్న ఒక ఏపీఐ (రెండు ప్రోగ్రాములు డేటా ఇచ్చిపుచ్చుకునే దారి) విషయంలో చిన్న తేడా వస్తే నాలుగు రోజులు చాట్‌లోనే నలిగింది. నేనొకటంటే వాళ్లకు ఇంకోలా అర్థమైంది. కాల్ పెడదామంటే వాళ్ల యాస సగం అందదు, మాట్లాడాలంటే టెన్షన్. మెయిలా, చాటా, కాలా? ఏది ఎప్పుడు వాడాలండీ?

జవాబు: నాలుగు రోజులే పట్టిందంటే నయమే! డాలస్‌కీ మనకీ వేసవిలో పదిన్నర గంటల తేడా, చలికాలంలో పదకొండున్నర. మీరు పొద్దున్న అడిగింది వాళ్లు చూసేసరికి మీకు రాత్రి భోజనాల వేళవుతుంది, వాళ్ల ఎదురు ప్రశ్న మీరు చూసేది మర్నాడు. అంటే రోజుకో మాట.

డెన్నిస్, వలాసిచ్ అనే ఇద్దరు పరిశోధకులు 1999లో ఒక మంచి తేడా చెప్పారు. సమాచారం చేరవేయడం వేరు, దాని అర్థం మీద అందరూ ఒక్క మాటకి రావడం వేరు. మొదటిదానికి తీరిగ్గా చదువుకునే రాత మేలు, రెండోదానికి అప్పటికప్పుడు బదులొచ్చే మాట మేలు. మీరు ఈ రెండో పనిని చాట్‌తో చేయించబోయారు.

ఈసారి ముందు ఒక పేజీ రాసి పంపండి, ఇప్పుడు సర్వర్ నుంచి వస్తున్నది ఇది, రావలసింది ఇది అని, నమూనాతో సహా. తర్వాత రాత్రి ఎనిమిదిన్నరకి పావుగంట కాల్ పెట్టండి, వాళ్లకి వేసవిలో అయితే పొద్దున్న పది. ఆ పేజీ తెర మీద ఉంటే యాస అందకపోయినా ఏ లైను గురించి మాట్లాడుతున్నారో తెలిసిపోతుంది. క్యాప్షన్లు ఆన్ చేసుకోండి, సిగ్గెందుకు? మన ఇంగ్లీషు వాళ్లకీ యాసే కదా. కాల్‌లో తేలింది మాత్రం వెంటనే టికెట్‌లో, అంటే ఆ పని కోసం టీమ్ తెరిచిన నమోదులో, రాసేయండి, చాట్‌లో వేస్తే వారం తిరిగేసరికి ఎవరికీ దొరకదు.

చాట్ దేనికంటారా? బిల్డ్ (కోడ్‌ని ప్రోగ్రాముగా కూర్చే పని) ఆగిపోయింది, ఇవాళ రెండు గంటలు ఉండను, ఇలాంటివాటికి. ఒకే విషయం మూడుసార్లు అటూఇటూ తిరిగిందంటే ఇక టైపు చేయడం ఆపేయండి.

నవంబరు మొదటి ఆదివారం వాళ్ల గడియారం మారుతుంది, వాళ్ల టైము ప్రకారం పెట్టుకున్న కాల్ మనకు గంట ఆలస్యమవుతుంది, చూసుకోండి. అన్నట్టు, దసరా తర్వాత మీ ఊళ్లో జరిగే పైడితల్లి అమ్మవారి సిరిమానోత్సవం మంగళవారం మీరు ఉండరని టీమ్ క్యాలెండర్‌లో ఇప్పుడే పెట్టేయండి. దసరా అయిపోయింది కదా, ఇంకేం పండగ అనుకుంటారు వాళ్లు.