పట్టాలు ఒకరివి, బండి ఇంకొకరిది

ప్రశ్న: సార్, నేను హన్మకొండలో ఉంటాను, రిటైర్డ్ టీచర్‌ని. వచ్చే వేసవిలో నేనూ మా ఆవిడా చికాగోలో ఉన్న కొడుకు దగ్గరికి వెళ్తున్నాం. అక్కడి నుంచి డెన్వర్‌లో ఉన్న మేనకోడలి ఇంటికి రైల్లో పోదామంటే మావాడు ఒకటే నవ్వు. "నాన్నా, ఇక్కడ మన బండే గూడ్స్‌కి దారివ్వాలి, బోగీలు నాకంటే వయసులో పెద్దవి" అంటున్నాడు. అమెరికాలో రైలు లేటేంటి? మనుషుల్ని ఆపి గూడ్స్‌ని పంపడమేంటి?

జవాబు: మీవాడు చెప్పింది చాలావరకు నిజమే సార్, కాకపోతే మరీ అంత నవ్వాల్సిన పని లేదు.

మన దగ్గర పట్టాలు, సిగ్నల్, ప్రయాణికుల బండి, బొగ్గు బండి అన్నీ రైల్వేవే. కాజీపేట అవుటర్‌లో అరగంట నిలబెడితే తిట్టుకోవడానికి ఒక్కరే ఉంటారు. అక్కడ అలా కాదు. రైలు మార్గాలు వేసింది ప్రైవేటు కంపెనీలు, ప్రయాణికుల బండ్లు నడిపిందీ వాళ్లే. కార్లు, విమానాలు వచ్చాక జనం తగ్గారు, ఉత్తరాల సంచులు మోస్తే వచ్చే డబ్బు కూడా 1967లో చాలావరకు పోయింది, దాంతో ఈ నష్టం మాకొద్దు అని మొత్తుకున్నారు. అప్పుడు ప్రభుత్వం 1970లో చట్టం చేసి, ప్రయాణికుల బండ్ల కోసం ఆమ్‌ట్రాక్ అని ఒక సంస్థ పెట్టింది. 1971 మే 1న అది మొదలైంది. బండ్ల బరువు దిగిపోయింది, పట్టాలు మాత్రం కంపెనీల దగ్గరే ఉండిపోయాయి. వాషింగ్టన్, న్యూయార్క్, బోస్టన్ మార్గంలో ఎక్కువ భాగం ఇప్పుడు ఆమ్‌ట్రాక్ సొంతం. దేశానికి అడ్డంగా పోయే దూరప్రాంత బండ్లు మాత్రం దాదాపు దారి పొడుగునా గూడ్స్ కంపెనీల పట్టాల మీద అద్దెకున్నట్టే.

మీరు ఎక్కబోయే కాలిఫోర్నియా జెఫిర్ అనే బండి డెన్వర్ దాకా నడిచేది బీఎన్ఎస్ఎఫ్ కంపెనీ పట్టాల మీద, సిగ్నల్ ఇచ్చే కంట్రోలర్ కూడా వాళ్ల మనిషే. అక్కడి నుంచి పడమటికి యూనియన్ పసిఫిక్ పట్టాలు.

చట్టం మాత్రం ప్రయాణికుల పక్షానే ఉంది. గూడ్స్ కంటే ప్రయాణికుల బండికే ముందు దారివ్వాలని 1973లోనే రాసిపెట్టారు. కానీ దేవుడు వరమిచ్చినా పూజారి వరమివ్వాలి కదా. దారివ్వలేదని ఆమ్‌ట్రాక్ తనంతట తాను కోర్టుకెళ్లి దావా వేయడానికి వీల్లేదు, ఆ దేశ న్యాయశాఖే వేయాలి. 1979లో సదరన్ పసిఫిక్ అనే రైలు కంపెనీ మీద ఒకసారి వేసింది, మళ్లీ 2024లో నార్ఫోక్ సదరన్ మీద. మధ్యలో నలభై అయిదేళ్లు! ఇంటి ఓనర్ కుళాయి కట్టేస్తే అద్దెకున్నవాడు తహసీల్దార్‌ని బతిమాలి ఆయనతో కేసు వేయించాలంటే ఎలా ఉంటుందో ఊహించుకోండి.

అన్నిసార్లూ మొండితనమే అని కూడా అనలేం. దూరప్రాంత రూట్లలో చాలాచోట్ల సింగిల్ లైనే, ఎదురుబండి వస్తే ఎవరో ఒకరు లూప్ లైన్‌లోకి తప్పుకోవాలి. మన బొగ్గు బండి 58 వ్యాగన్లతో లూప్‌లో ఒదిగిపోతుంది. వాళ్ల గూడ్స్ బండ్లు కొన్ని రెండు మూడు మైళ్లు ఉంటాయి, అంత పొడుగు బండి పట్టే లూప్ చాలాచోట్ల ఉండదు. ఇక తప్పుకోవాల్సింది పొట్టి బండే, అంటే మీది. పైగా గూడ్స్ సిబ్బంది డ్యూటీ 12 గంటలు దాటకూడదని చట్టం. టైము అయిపోతే రిలీఫ్ వచ్చేదాకా ఆ బండి ఎక్కడుంటే అక్కడే ఉంటుంది, వెనక మీరు కిటికీలోంచి మొక్కజొన్న చేలు చూస్తూ కూర్చోవాలి.

బోగీల సంగతికొస్తే మీవాడి మాట అక్షరాలా నిజం. పడమటి దూరప్రాంత బండ్లలో ఉండే రెండంతస్తుల సూపర్‌లైనర్లలో మొదటివి 1970ల చివర్లో, 1980ల మొదట్లో చేసినవి. చేసిన పుల్‌మన్ స్టాండర్డ్ కంపెనీ ఆ ఆర్డరు తర్వాత ప్రయాణికుల బోగీలు చేయడమే మానేసింది. రెండో విడత 1990లలో వచ్చింది. మన దగ్గర పాత ఐసీఎఫ్ (చెన్నై ఫ్యాక్టరీ రకం) బోగీకి పాతికేళ్లే ఆయుష్షని లెక్క కట్టేవాళ్లు, ఆ లెక్కన సూపర్‌లైనర్లు ఎప్పుడో రిటైరై పింఛను తీసుకోవాలి. స్టెయిన్‌లెస్ స్టీల్ కాబట్టి పైకి బాగానే ఉంటాయి, ఏసీ, తలుపులు, బాత్రూమ్ పైపులే మొరాయిస్తాయి. ఒక బోగీ సిక్ అయితే దాని బదులు పెట్టడానికి ఇంకోటి దొరకడం కష్టం. హొరైజన్ అని ఇంకో రకం బోగీలుండేవి, వాటికి తుప్పు పట్టిందని 2025 మార్చిలో అన్నిటినీ ఒకేసారి పక్కన పెట్టేశారు.

ఇంత చెప్పాక కూడా ఎక్కమనే అంటాను. చికాగో నుంచి డెన్వర్ 1,038 మైళ్లు, మన తెలంగాణ ఎక్స్‌ప్రెస్ హైదరాబాద్ నుంచి ఢిల్లీ పోయినంత దూరం. మనది ఒక రోజు పైనే తీసుకుంటుంది, అది టైముకి నడిస్తే 18 గంటల్లో దించుతుంది. దిగే రోజు ఫంక్షన్లు, విమానం టికెట్లు మాత్రం పెట్టుకోవద్దు. ఇంకో మాట, అసలు చూడాల్సిన కొండలు డెన్వర్ దాటాకే మొదలవుతాయి. పది కిలోమీటర్ల మోఫట్ సొరంగం, ఆ తర్వాత కొలరాడో నది పక్కనే ప్రయాణం. మేనకోడల్ని కూడా ఎక్కించుకుని గ్లెన్‌వుడ్ స్ప్రింగ్స్ దాకా పోయి రండి.

ప్రశ్న: పట్టాలన్నీ రైల్వేవే అయినప్పుడు మన బండ్లు ఎందుకు లేటు? (మంచిర్యాల పాఠకుడు)

జవాబు: భలే పట్టుకున్నారు. ఓనర్ ఒక్కడే అయినా ఇల్లు ఇరుకు. ఢిల్లీ, చెన్నై మధ్య పోయే బండ్లు, సింగరేణి బొగ్గు, రామగుండం వైపు వ్యాగన్లు, మన పుష్‌పుల్ అన్నీ మీ మంచిర్యాల మీదుగా పోయే పట్టాల మీదే. పెద్ద బండికి దారివ్వాలని పుష్‌పుల్‌ని లూప్‌లో పెడతారు, అంటే మనకు ప్రయాణికుల్లోనే పెద్దా చిన్నా తేడా. కాజీపేట, బల్లార్షా మధ్య మూడో లైను ముక్కలు ముక్కలుగా వస్తోంది. ఉత్తరాదిన, పడమట గూడ్స్ కోసమే వేరే కారిడార్లు వేశారు, మన వైపు ఇంకా రాలేదు.

ప్రశ్న: ఆ అమెరికా రైల్లో మన తిండి తీసుకెళ్లొచ్చా? (పరకాల నుంచి ఒక గృహిణి)

జవాబు: తీసుకెళ్లొచ్చమ్మా. స్లీపర్ రూము తీసుకుంటే భోజనం టికెట్‌లోనే ఉంటుంది, మామూలు కోచ్‌లో బర్త్ ఉండదు, వెనక్కి వాలే సీటే, తిండి కొనుక్కోవాలి. పులిహోర బెస్ట్, ఓ పూట లేటైనా పాడవదు. ఆవకాయ సీసా మూత మాత్రం గట్టిగా బిగించండి.