నాలుగేళ్ళ పాపకి పాటలు, బొమ్మల వీడియోలతో జాగ్రత్తలు వస్తాయా? కాలువ గట్టు ఊరి నుంచి నా అనుభవం

హైదరాబాద్ నుంచి అమలాపురం పక్కన అత్తగారి ఊరికి మారుతున్నామనీ, ఇంటి ముందే పంట కాలువ ఉందనీ రాశారు. పాపకి రోజూ ఫోన్‌లో రోడ్డు దాటే పాటలు, గుడ్ టచ్ బ్యాడ్ టచ్ కార్టూన్లు, నీతి కథలు చూపిస్తున్నారు. అన్నీ గడగడా అప్పజెబుతోంది, ఇది చాలా అని అడిగారు. నేను కోనసీమలో పద్నాలుగేళ్ళుగా అంగన్‌వాడీ టీచర్ని. చాలదండీ. వీడియోలు మానేయమని మాత్రం అనను.

అప్పజెప్పడం వేరు, ఆ సమయానికి చెయ్యడం వేరు. ఇది నాకు ఒక మధ్యాహ్నం తెలిసొచ్చింది. ఉద్యోగంలో చేరిన కొత్తలో, మా అమ్మమ్మ నాకు చెప్పినట్టే, "రేవులో దయ్యం ఉంది, కాళ్ళు పట్టి లాగేస్తుంది" అని పిల్లలకి కథ చెప్పేదాన్ని. కళ్ళు ఇంతింత చేసుకుని వినేవారు. ఒక రోజు భోజనాలయ్యాక తలలు లెక్కపెడితే ఒక బాబు తగ్గాడు. ఆయా ఒక వైపు, నేనొక వైపు పరుగెత్తాం. వాడు రేవు మూడో మెట్టు మీద కూర్చుని, పాదాలు నీళ్ళలో పెట్టి, రాలిన కొబ్బరి పిందెలు ఒక్కొక్కటే కాలువలోకి విసురుతున్నాడు. ఎత్తుకొచ్చి, "దయ్యం ఉందని చెప్పాను కదా నాన్నా" అంటే, "దయ్యాలు రాత్రే కదండీ వస్తాయి" అన్నాడు.

వాడి లెక్క వాడికి సరిపోయింది. తప్పు నా కథది. ఆ మెట్టు తలుచుకుంటే ఇప్పటికీ నా గుండె జారిపోతుంది. ఆ రోజుతో దయ్యం కథ మానేశాను.

దాని బదులు బొమ్మలాట మొదలుపెట్టాను. కాకినాడ దగ్గర మాధవపట్నంలో తోలుబొమ్మలాట ఆడే కుటుంబాలున్నాయని మీరు వినే ఉంటారు. నాకు ఆ విద్య రాదు గానీ, ఆ ఆటలో ఉండే బంగారక్క పేరు మాత్రం తెచ్చుకున్నాను. గుమ్మానికి పాత పంచె కట్టి, అట్టముక్క కత్తిరించి కొబ్బరి ఈనె గుచ్చి, వెనక నుంచి ఫోన్ టార్చి వేస్తే మా బంగారక్క తయారు. బంగారక్క బంతి ఆడుతుంటే బంతి కాలువలో పడుతుంది. సరిగ్గా అక్కడ ఆట ఆపేసి, "ఇప్పుడు బంగారక్క ఏం చెయ్యాలి?" అని అడుగుతాను.

మొదటిసారి అడిగినప్పుడు సగం మంది "దిగి తెచ్చుకోవాలి" అన్నారు. ఆ జవాబు వినకపోతే వాళ్ళ మనసులో ఏముందో నాకు ఎప్పటికీ తెలిసేది కాదు. వీడియో ఆ జవాబు కోసం ఆగదు, తన పాట తాను పాడుకుంటూ పోతుంది. ఈ వయసు పిల్లలకి పాఠమంతా ఆ ఆగడంలోనే ఉందని నా నమ్మకం.

తర్వాత కేక. బంతి పడినా, తోటి పిల్ల పడినా, దిగకూడదు. "నీళ్ళూ! నీళ్ళూ!" అని అరుస్తూ పెద్దవాళ్ళ దగ్గరికి పరుగెత్తాలి. ఇది మాటతో చెబితే రాదు. ఆడపిల్లల్లో కొందరికి గొంతే లేవదు, గట్టిగా అరిస్తే తిట్లు పడతాయని ఇంట్లో అలవాటైపోయి ఉంటుంది. అందుకే వారానికోసారి అరిచే ఆట ఆడిస్తాం, వీధి చివరి కిరాణా కొట్టుకి వినబడాలి. పడినవాళ్ళు పట్టుకుని తేలడానికి చేతికందిన ఖాళీ డబ్బానో అరటి బోదెనో నీళ్ళలోకి తోయడం కొంచెం పెద్ద పిల్లలకి చూపిస్తాను. మునిగే పిల్ల సినిమాలోలా చేతులు ఊపుతూ కేకలు పెట్టదండీ, చప్పుడు లేకుండా నిమిషాల్లో అయిపోతుంది. అందుకే గట్టు మీదున్న పిల్ల గొంతు అంత ముఖ్యం. తోటి పిల్లని వదిలేసి రాకూడదు, చూసింది దాచకూడదు అనే నీతి కూడా నేను అక్కడే చెబుతాను, విడిగా నీతి పాఠమంటూ పెట్టను.

కొత్తగా వచ్చే మీకు తెలియని సంగతి ఒకటుంది. ఎండాకాలం మరమ్మతుల కోసం కాలువలు కట్టేస్తారు. పిల్లలు ఎండిన కాలువలోనే ఆడతారు, అడుగున గవ్వలు ఏరుకుంటారు. జూన్‌లో సార్వాకి, అంటే వానాకాలం వరికి, నీళ్ళు వదిలాక కూడా వాళ్ళ మనసులో అది ఇంకా ఆటస్థలమే. నిన్న నడిచిన చోటే కదా అనుకుంటారు. అందుకని నీళ్ళు వదిలిన రోజు పిల్లలందర్నీ చేతులు పట్టించి గట్టు మీదికి తీసుకెళ్ళి, గట్టు మీది కొబ్బరిచెట్టుకి ఎర్రగుడ్డ కట్టి, "పెద్దవాళ్ళు చెయ్యి పట్టుకోకుండా దీన్ని దాటకూడదు" అని ఆగి చూపిస్తాను. మా బంగారక్క తెర మీద కూడా అదే ఎర్రగుడ్డ ఉంటుంది. తెర మీద చూసిన గుడ్డే బయట కనబడితే పిల్ల కాళ్ళు వాటంతటవే ఆగుతాయి.

ఇక గుడ్ టచ్ బ్యాడ్ టచ్. నేను చూసిన కార్టూన్లు చాలావాటిలో చెడ్డవాడు మీసాలతో, ఎర్రటి కళ్ళతో, ముక్కూ మొహం తెలియనివాడు. నిజానికి ఎక్కువ కేసుల్లో చేసేది పిల్లకి తెలిసినవాళ్ళే. పైగా చిన్నపిల్లకి చక్కిలిగింతలు కూడా 'గుడ్' అనిపించవచ్చు. మంచిదా చెడ్డదా తేల్చే బరువు నాలుగేళ్ళ పిల్ల మీద పెట్టకూడదు. తనకి ఎలా ఉందో చెప్పగలిగితే చాలు, తేల్చడం మన పని.

ఆ చెప్పడానికి మాట నాకు వరద ఇచ్చింది. 2022 జూలైలో గోదావరి పొంగినప్పుడు ఇంట్లో, టీవీలో ఎక్కడ చూసినా ధవళేశ్వరం దగ్గర మొదటి ప్రమాద హెచ్చరిక, రెండోది, మూడోది అనే మాటలే. బ్యారేజీ దగ్గర 10 లక్షల క్యూసెక్కులకి మొదటిది, 13 లక్షలకి రెండోది, 17 లక్షలకి మూడోది. మా పిల్లలకి అంకెలు రాకపోయినా ఒకటో హెచ్చరిక అంటే సామాన్లు సర్దుకోవడమనీ, మూడు అంటే కదిలిపోవడమనీ తెలుసు. అదే ఆటలోకి తెచ్చాను. ఎవరైనా ముట్టుకుంటే నచ్చకపోతే ఒకటో హెచ్చరిక. వద్దన్నా ఆగకపోతే రెండు. బట్టల కింద ముట్టుకున్నా, ఎవరికీ చెప్పొద్దన్నా మూడు. ఒకటైనా మూడైనా టీచర్‌కో అమ్మకో చెప్పాల్సిందే. ఒక పాప నా కొంగు లాగి, "టీచరండీ, మా మావయ్య బుగ్గలు గిల్లుతుంటే ఒకటో హెచ్చరిక" అంది. వాళ్ళమ్మకి చెబితే ముందు నవ్వింది, తర్వాత తమ్ముడిని పిలిచి మానమంది. గిల్లడం ఆగింది, పాపకి తన మాట చెల్లుతుందని తెలిసింది. రేపు పెద్ద విషయమైనా చెబుతుందని నాకు ధైర్యం.

మీ వీడియోల్లో ఒక చిక్కు గమనించారా? నీతి పాట "పెద్దల మాట వినాలి" అంటుంది, పక్క వీడియో "వద్దని చెప్పు" అంటుంది. ఒక పిల్లాడు నన్ను నిలదీశాడు, "పెద్దవాళ్ళ మాట వినాలని మీరే కదా చెప్పారు". నా దగ్గర జవాబు లేకపోయింది. ఇప్పుడు ఆ పాట పాడించను. మంచి పెద్దవాళ్ళు అమ్మకి చెప్పొద్దనరు అని చెబుతాను. అమ్మ పుట్టినరోజుకి ఇవ్వబోయే చీర సంగతి దాచడం వేరు, అది రెండు రోజుల్లో అందరికీ తెలిసిపోయేదే అని కూడా విప్పి చెబుతాను. ఇంట్లో కూడా, చుట్టాలొచ్చినప్పుడు "ముద్దు పెట్టు" అని పాపని ముందుకి తొయ్యకండి. దణ్ణం పెడితే చాలు.

వీడియోలు చూపించేటప్పుడు పక్కన కూర్చోండి, మధ్యలో ఆపి అడగండి. ఈ వయసుకి రోజు మొత్తం మీద గంట దాటకూడదని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లోనే చెప్పింది. నేను పది నిమిషాలు చూపిస్తే పావుగంట ఆడిస్తాను. ఏదైనా పెద్ద అనుమానం వస్తే 1098కి ఫోన్ చెయ్యండి, పిల్లల కోసం ఉన్న ఉచిత నంబరు అది. లైంగికంగా జరిగిందని తెలిస్తే పరువు కోసం దాచకండి, 2012 పోక్సో చట్టం ప్రకారం పోలీసులకి చెప్పి తీరాలి.

మీరొచ్చేది జూన్‌లో అని రాశారు, అంటే నీళ్ళు వదిలే రోజులు. సామాను దించకముందే ఇంటికీ కాలువకీ మధ్య తడికె కట్టించండి, పాపకి ఎంత నేర్పినా అది ఉండాల్సిందే. తర్వాత పాపనే ఎర్రగుడ్డ ఎంచుకోమనండి. తను కట్టిన గుడ్డ దగ్గర ఆగుతుందో లేదో, మీరు రెండడుగులు వెనక ఉండి, ఏమీ మాట్లాడకుండా చూడండి.