బందీపూర్, ముదుమలై, ఎరవికులం ఐదు రోజుల్లో తిరగాలంటే ముందు గేటు టైములు చూడండి

"విజయవాడ నుంచి సొంత కారులో బందీపూర్, ముదుమలై, ఊటీ, మున్నారు దగ్గర ఎరవికులం ఐదు రోజుల్లో చూసి రావచ్చా? మొత్తం రెండు వేల మూడొందల కిలోమీటర్లే కదా" అని ఒకరు రాసి అడిగారు. ఈ మూడూ అడవి పార్కులు: బందీపూర్ కర్ణాటకలో, ముదుమలై తమిళనాడులో, ఎరవికులం కేరళలో. వెళ్లి రావచ్చు. చూడటం మాత్రం కుదరదు.

నేను ఆటోనగర్‌లో బ్రేకులు, క్లచ్చుల స్పేర్‌పార్టుల షాపు నడుపుతాను. పోయిన సంక్రాంతి సెలవుల్లో సరిగ్గా ఇదే ట్రిప్ రెండు కార్లలో వేశాం. మా కారులో నేను, మా ఆవిడ, అమ్మ, మా అబ్బాయి. వెనక కారులో మా బావమరిది వాళ్లు. ప్లాన్ అంతా బావమరిదిదే. ఎక్సెల్ షీటులో గంటగంటకీ ఓ రంగు వేసి మరీ తయారుచేశాడు. టిఫిన్‌కి ఇరవై ఐదు నిమిషాలట. అందులో కిలోమీటర్లున్నాయి, టోల్ ఖర్చులున్నాయి, ఏ ఊళ్లో ఏం తినాలో కూడా ఉంది. గేటు మూసే టైము ఒక్కటే లేదు.

రెండో రోజు సంగతి చెప్తాను. బెంగళూరు నుంచి మైసూరు చేరేసరికి పదిన్నర. ఆ కొత్త హైవే మీద నాకేం ఫిర్యాదు లేదు. ప్యాలెస్, జూ చూసుకుని రెండింటికల్లా బయటపడాలని షీటు చెప్తోంది. జూలోనే మూడున్నర అయింది. తర్వాత మైసూరు సిల్కు షాపు. అక్కడ ఎంతసేపు పట్టిందో రాస్తే ఇంట్లో నాకు అన్నం పుట్టదు. నంజనగూడు దగ్గరికి రాగానే అమ్మ "ఇంతదూరం వచ్చి నంజుండేశ్వరుణ్ణి చూడకుండా పోతామా" అంది. పోలేం కదా. దర్శనం, ప్రసాదం, బయటికొచ్చాక కాఫీలు. గుండ్లుపేట దాటేసరికి ఎనిమిది నలభై అయిపోయింది. ఫోన్లో మ్యాప్ చూస్తే, రాత్రికి రూమ్ బుక్ చేసుకున్న మసినగుడికి ఇంకా గంట పైనే. గంటేగా అనుకున్నాం.

బందీపూర్ అడవి మొదట్లో ఉండే మేలుకామనహళ్లి చెక్‌పోస్టు దగ్గరికి వెళ్లేసరికి తొమ్మిది దాటి ఎనిమిది నిమిషాలు. బారికేడ్లు అడ్డం పెట్టేశారు. మంకీ క్యాప్ పెట్టుకున్న ఫారెస్టు గార్డు ఒకాయన "బెళిగ్గె ఆరు గంటెగె" అని చెయ్యి ఊపాడు. పొద్దున ఆరింటికి అని. బావమరిది రూమ్ బుకింగ్ తీసి చూపించబోయాడు. ఆయన ఫోన్ వంక చూడనేలేదు. ఆయన తప్పేం లేదు. రాత్రుళ్లు బళ్ల కింద పడి జంతువులు చచ్చిపోతున్నాయని 2009లో పెట్టిన నిషేధం అది. రాత్రి 9 నుంచి ఉదయం 6 దాకా బందీపూర్ అడవి మీదుగా ఊటీ రోడ్డూ బందే, వయనాడు రోడ్డూ బందే. కొన్ని ఆర్టీసీ బస్సులు, అంబులెన్సులు తప్ప ఎవర్నీ వదలరు.

వెనక్కి గుండ్లుపేట వెళ్లి రెండు లాడ్జిలు అడిగాం. ఖాళీల్లేవు. మళ్లీ గేటు దగ్గరికే వచ్చి లారీల వెనక కార్లు పెట్టుకున్నాం. కాసేపటికి అమ్మకి తుమ్ములు మొదలయ్యాయి. చలికి జలుబు చేసిందనుకుని శాలువా కప్పాం. ఇంకా ఎక్కువయ్యాయి. చూద్దును కదా, మా ముందున్న లారీలో మిరపకాయ బస్తాలు! గాలి అటునుంచి ఇటే కొడుతోంది. ఎక్కడి గుంటూరు ఘాటు, ఎక్కడి బందీపూర్ అడివి.

మా వెనకద్దం మీద దుర్గమ్మ స్టిక్కర్ చూసి ఆ లారీ డ్రైవరే దిగొచ్చాడు. "ఏందన్నా, బెజవాడా?" అన్నాడు. నరసరావుపేట మనిషట. గుంటూరు యార్డులో లోడెత్తుకుని కేరళ పోతున్నాడు. గేటు సంగతి తెలీదన్నాం. ఒక్క క్షణం మా మొహాలు చూసి, "మీరు శ్రీశైలం ఎప్పుడూ పోలేదా? దోర్నాల కాడ తొమ్మిదికి గేటేస్తే మళ్లీ ఆరుకేగా తీసేది. అదీ పులుల అడివే, ఇదీ పులుల అడివేగా" అన్నాడు.

నాకు నోట మాట రాలేదు. ఏటా కార్తీకంలో శ్రీశైలం వెళ్తాం. వినుకొండలో టీకి ఆగినా దోర్నాల గేటుకి టైమవుతుందని అందర్నీ తొందరపెట్టేది నేనే. రాష్ట్రం దాటేసరికి ఆ తెలివి ఏమైందో. అతను క్యాబిన్లో స్టవ్ వెలిగించి టీ పెట్టాడు. మేం పులిహోర పెట్టాం. బావమరిది మాత్రం కారు దిగలేదు. ఇదంతా నంజనగూడు దర్శనం వల్లేనని అతని వాదన. సిల్కు షాపు ఊసు ఎత్తడు, అక్కడ రెండు చీరలు అతని బిల్లులోవే.

పొద్దున ఆరింటికి గేటు తీశారు. మంచు. తీసీ తియ్యగానే అందరూ హారన్లు కొట్టుకుంటూ ఒకర్నొకరు దాటేసుకుంటున్నారు. అడవిలో హారన్ ఎందుకో నాకైతే అర్థం కాదు. రోడ్డు పక్కన ఆగి కోతులకు చిప్స్ వేసేవాళ్లని చూస్తే ఇంకా ఒళ్లు మండుతుంది. కాస్త లోపలికి వెళ్లాక రెండు కుక్కలు రోడ్డు దాటాయి. ఎర్రటి ఒళ్లు, నల్లటి కుచ్చు తోక. "ఇక్కడ కూడా వీధికుక్కలేనా" అంది అమ్మ. మేం ఆగనైనా ఆగలేదు. తర్వాత ముదుమలైలో తెప్పకాడు ఏనుగుల క్యాంపు దగ్గర బోర్డు మీద బొమ్మ చూసి మా అబ్బాయి గోల. అవి రేచుకుక్కలట, అసలు సిసలు అడవికుక్కలు! సాయంత్రం డబ్బు కట్టి వెళ్లిన సఫారీలో మాత్రం జింకలు, రెండు నెమళ్లు.

అంతకు ముందు తమిళనాడు సరిహద్దులో కక్కనల్ల చెక్‌పోస్టు ఉంటుంది. ముదుమలై, ఊటీ ఉన్న నీలగిరి జిల్లాకి 2024 మే 7 నుంచి ఈ-పాస్ పెట్టారు, మద్రాసు హైకోర్టు చెప్పిందని. ఆన్‌లైన్లో ఉచితంగానే వస్తుంది, ఇంట్లోనే తీసుకుని బయల్దేరండి. ప్లాస్టిక్ వాటర్ బాటిళ్లు కూడా అక్కడే లాగేసుకుంటారు. మావి డజను పోయాయి. ఆవకాయ గాజు సీసాలో ఉంది కాబట్టి బతికింది.

తెప్పకాడు దగ్గర రోడ్డు చీలుతుంది. గూడలూరు మీదుగా ఊటీ వెళ్తే చుట్టు, మసినగుడి మీదుగా కల్హట్టి ఘాట్ ఎక్కితే 36 హెయిర్‌పిన్ మలుపులు. ఎక్కడం పెద్ద విషయం కాదు, ఫస్టు గేరులో ఏడ్చుకుంటూ అయినా ఎక్కేస్తుంది. అసలు సంగతి దిగేటప్పుడు. ఊటీ నుంచి కూనూరు మీదుగా మెట్టుపాళయం దిగుతుంటే ముందు బావమరిది బండి. బ్రేక్ లైటు ఆరితే ఒట్టు. బర్లియార్ దగ్గర చక్రాల్లోంచి పొగ. దిగి బాటిల్ తీసి డిస్కు మీద నీళ్లు పోయబోతే అరిచి ఆపాను. ఎర్రగా కాలిన డిస్కు మీద చన్నీళ్లు పడితే వంకర పోతుంది, పగిలినా పగలొచ్చు. అరగంట ఊరికే వదిలేయాలి, అంతే. ఏ గేరులో ఎక్కుతామో ఆ గేరులోనే దిగాలని లారీ క్లీనర్లకు కూడా తెలుసు. ఆటోమేటిక్ కార్లు వచ్చాక మనవాళ్లు కాళ్లతో ఆలోచించడం మానేశారు. ఆ గేరు లివర్ దగ్గర ఎల్ అనో మాన్యువల్ అనో ఉంటుంది, దిగేటప్పుడు బండిని చిన్న గేరులో ఉంచడానికి, అలంకారానికి పెట్టింది కాదు.

ఎరవికులం గురించి రెండు ముక్కలు. అక్కడ మన కారు లోపలికి పోనివ్వరు, వాళ్ల బస్సుల్లోనే రాజమల తీసుకెళ్తారు. టికెట్ ముందే ఆన్‌లైన్లో కొనండి. వరయాడులు, అంటే అక్కడి కొండమేకలు, ఈనే కాలమని మామూలుగా ఫిబ్రవరి, మార్చి నెలల్లో పార్కు మూసేస్తారు. మీరు ఏ నెలలో వెళ్తున్నారో రాయలేదు. పన్నెండేళ్లకోసారి పూసే నీలకురింజి పూల కోసమైతే తొందరేం లేదు, 2018లో పూశాయి, మళ్లీ 2030లోనే.

ఇప్పుడు మీ ఐదు రోజుల లెక్క. మైసూరు చేరడానికి ఒకటిన్నర రోజు. మున్నారు నుంచి ఇంటికి వెయ్యి కిలోమీటర్ల పైనే, రెండు రోజులు. మిగిలిన ఒకటిన్నర రోజులో మూడు పార్కులు, ఊటీ? మున్నారు తీసేయండి. దానికి వేరే ట్రిప్ వేసుకోండి. బందీపూర్, ముదుమలై నాకు వేరువేరని కూడా అనిపించలేదు. నాగరహొళె, వయనాడు కూడా వాటిని ఆనుకునే ఉన్నాయి. బోర్డులు మారతాయి, అడివి అదే. మసినగుడిలో రెండు రాత్రులు ఉండండి. మైసూరు నుంచి సాయంత్రం నాలుగు లోపు కదలండి. సిల్కు షాపు ఉంటే రెండు లోపు.

బయల్దేరే ముందు బ్రేక్ ఆయిల్ మార్పించుకోండి. ప్యాడ్లు అందరూ చూపించుకుంటారు, ఆయిల్ ఎవరూ అడగరు. అది గాల్లో తేమ పీలుస్తుంది. డాట్ 3 రకం ఆయిల్ కొత్తదైతే కనీసం 205 డిగ్రీల దాకా మరగదు, తేమ పట్టాక 140కే మరిగిపోవచ్చు. ఘాట్లో అది మరిగి బుడగలొస్తే పెడల్ దూదిలా లోపలికి పోతుంది. మీ బండికి డాట్ 4 రాసి ఉంటే అదే పోయించండి. ఎంత తెలిసిన మెకానిక్ అయినా సరే, షెల్ఫులో మూత తీసి పెట్టిన పాత డబ్బాలోది మాత్రం వద్దనండి. సీలు మీ కళ్ల ముందే తియ్యాలి.