స్పామ్‌లో దొరికిన ఇంటర్వ్యూ పిలుపు

మీ చెల్లికి పీజీ సీటు తాలూకు మెయిల్ స్పామ్‌లో పడిందనీ, ఫీజు గడువు దాటిన రెండు రోజులకు కనబడిందనీ రాశారు. నాట్ స్పామ్ నొక్కేశాను కదా, ఇంక ఆ కాలేజీ మెయిళ్లన్నీ సరిగ్గా వస్తాయా అన్నది మీ ప్రశ్న. రావచ్చు, రాకపోవచ్చు. ఆ ఒక్క నొక్కుతో నిశ్చింతగా ఉండొద్దు. ఇదే దెబ్బ మేమూ తిన్నాం, అదీ నెట్ సెంటర్ నడిపే నా ఇంట్లోనే.

విజయనగరంలో గంటస్తంభానికి దగ్గర్లో నాది చిన్న జిరాక్స్, నెట్ సెంటర్. రోజూ ఎవరో ఒకరికి మెయిల్ ఐడీ క్రియేట్ చేసి, పాస్‌వర్డ్ కాగితం ముక్క మీద రాసిస్తుంటాను. మా అక్క కొడుక్కీ నేనే చేసిచ్చాను. డిగ్రీ అయ్యాక వాడు హైదరాబాద్‌లో ఓ కంపెనీకి ఆన్‌లైన్ పరీక్ష రాశాడు, బాగానే రాశాడు. దసరా వెళ్లింది. సోమవారం తొలేళ్లు, మంగళవారం సిరిమాను, అదే మా ఊరి పైడితల్లమ్మ జాతర. ఆ రెండు రోజులు మా వీధుల్లో షాపు తెరిచినా మూసినా ఒకటే, ఇంటినిండా చుట్టాలు. బుధవారం పొద్దున్న వాడు రెజ్యూమె ప్రింట్ల కోసం వచ్చాడు. ఆ కంపెనీ సంగతి ఏమైందిరా అంటే, "ఇన్‌బాక్స్ చూస్తానే ఉన్నాను మావయ్యా, కంపెనీ పేరు కొట్టి వెతికాను కూడా, ఏటీ రానేదు" అన్నాడు.

స్పామ్ చూశావా అన్నాను. చూడలేదు. తెరిచాం. లోన్ ఇస్తామనేవాళ్లు, ఎవరూ పంపని పార్సిల్ ఆగిపోయిందనేవాళ్లు, వాళ్ల మధ్యలో కంపెనీ పేరు. శుక్రవారం సాయంత్రం వచ్చింది. మంగళవారం సాయంత్రం ఐదింటిలోగా జవాబిస్తేనే ఇంటర్వ్యూ స్లాటు. పైన ఒక పట్టీలో జీమెయిల్ కారణం కూడా రాసింది: గతంలో స్పామ్‌గా తేలిన మెయిళ్లలాగే ఉందట. వాడు ఒక్క మాట అనలేదు. తీసిన ప్రింట్లు కౌంటరు మీదే వదిలేసి వెళ్లిపోయాడు. కంపెనీకి మెయిల్ పెట్టాం, ఫోన్ చేశాం. స్లాట్లు అయిపోయాయన్నారు.

అప్పటిదాకా నేనూ పెద్దగా పట్టించుకోలేదు గానీ, స్పామ్‌లో పడ్డ మెయిల్‌కి ఫోన్‌లో నోటిఫికేషన్ రాదు. మామూలుగా వెతికితే దొరకదు కూడా. వాడు కంపెనీ పేరు కొట్టి వెతికానన్నది అబద్ధం కాదు, సెర్చ్ మామూలుగా స్పామ్‌ జోలికి పోదు. సెర్చ్ పెట్టెలో ఇంగ్లిషులో ఇన్ అని కొట్టి, పక్కనే కోలన్ పెట్టి, ఖాళీ వదలకుండా స్పామ్ అని రాసి, ఆ తర్వాత పేరు కొట్టండి. అప్పుడు అందులో వెతుకుతుంది. స్పామ్ బదులు ఎనీవేర్ అని రాస్తే ట్రాష్‌తో సహా అన్నీ గాలిస్తుంది. ఇంకోటి, స్పామ్‌లో పడ్డది 30 రోజులు దాటితే దానంతటదే డిలీట్ అయిపోతుంది. ఆ తర్వాత ఎవర్ని బతిమాలినా రాదు.

ఇప్పుడు మీ పని. నాట్ స్పామ్ నొక్కడం మంచిదే, ఆ మెయిళ్లు మీకు కావాలని జీమెయిల్‌కి తెలుస్తుంది. ఆ అడ్రసు కాంటాక్ట్స్‌లో పెట్టుకోండి, వీలుంటే ఆ మెయిల్‌కి ఒక జవాబు పంపండి. ఇవన్నీ సాయపడతాయి, కానీ హామీ ఇవ్వవు. గట్టి పని ఫిల్టర్, అంటే ఫలానా వాళ్ల మెయిళ్లని ఏం చేయాలో జీమెయిల్‌కి ముందే చెప్పి ఉంచడం. కంప్యూటర్లో జీమెయిల్ తెరిచి, సెర్చ్ పెట్టె కుడి చివరనున్న గీతల గుర్తు నొక్కితే చిన్న ఫారం వస్తుంది. ఫ్రమ్ అన్నచోట కాలేజీ అడ్రసులో ఎట్ గుర్తు దగ్గర్నుంచి చివరిదాకా ఉన్న ముక్క రాయండి. పూర్తి అడ్రసు రాస్తే ఈసారి అడ్మిషన్ల వాళ్లు పంపింది వస్తుంది, రేపు ఎగ్జామ్స్ వాళ్లు వేరే ఐడీ నుంచి పంపింది మళ్లీ స్పామ్‌లోకే పోవచ్చు. క్రియేట్ ఫిల్టర్ నొక్కాక వచ్చే చిట్టాలో 'నెవర్ సెండ్ ఇట్ టు స్పామ్' దగ్గర టిక్ పెట్టి, మళ్లీ క్రియేట్ ఫిల్టర్ నొక్కాలి. ఫోన్ యాప్‌లో ఇది కుదరదు. అందుకే చాలామంది దీని జోలికే పోరు. కంప్యూటర్ లేకపోతే ఏ నెట్ సెంటర్‌కైనా వెళ్లండి, రెండు నిమిషాల పని. వచ్చేటప్పుడు లాగౌట్ చేయడం మాత్రం మర్చిపోవద్దు. మర్చిపోయి వెళ్లినవాళ్ల అకౌంట్లు వారానికి ఒకటైనా నేనే లాగౌట్ చేస్తుంటాను.

కాలేజీ వాళ్లు సొంత డొమైన్, అంటే ఎట్ గుర్తు తర్వాత తమ పేరే ఉండే అడ్రసు కాకుండా మామూలు జీమెయిల్ ఐడీతో పంపితే అప్పుడు పూర్తి అడ్రసే పెట్టండి. మా వాడి గొడవ అయ్యాక కంగారులో నేను ఎట్ జీమెయిల్ డాట్ కామ్ మొత్తానికి ఫిల్టర్ పెట్టేశాను. ఇన్‌బాక్స్ సంతలా తయారైంది. నాలుగు రోజులకే తీసేశాను.

ఒక్కోసారి మెయిల్ స్పామ్‌లో కూడా ఉండదు. ప్రమోషన్స్ ట్యాబ్‌లో ఉంటుంది, చూసుకోండి. లేదా ఫారం నింపినప్పుడు ఐడీలో జీమెయిల్ స్పెల్లింగే తప్పు పడి ఉంటుంది, ఏ, ఐ తారుమారు కావడం నా కళ్లముందే ఎన్నిసార్లో జరిగింది. మూడోది స్టోరేజీ. ఉచితంగా ఇచ్చే 15 జీబీ జీమెయిల్‌కి ఒక్కదానికే కాదు, డ్రైవ్‌కీ ఫోటోలకీ కలిపి. పెళ్లి వీడియోలతో అది నిండిపోతే కొత్త మెయిళ్లు రావు, పంపినవాళ్లకే తిరిగి పోతాయి. మెయిల్ రావట్లేదని మా షాపుకి వచ్చేవాళ్లలో ఈ బాపతు తక్కువేం కాదు.

అలాగని తప్పంతా మనదే అనుకోకండి. బొబ్బిలి వైపు వీణలు చేయించి అమ్మే తెలిసినాయన ఒకాయన, సొంత వెబ్‌సైట్ పెట్టుకుని ఆ పేరు మీదే మెయిల్ పెట్టుకున్నారు. అమెరికాలో ఉన్న కొనేవాళ్లకి ధర రాసి పంపితే ఒక్కరూ పలకరు, అందరికీ స్పామ్‌లో పడుతోంది. చూస్తే ఎస్పీఎఫ్, డీకిమ్ రెండూ పెట్టలేదు. ఎస్పీఎఫ్ అంటే మా పేరు మీద ఫలానా సర్వర్లే మెయిల్ పంపాలి అని డొమైన్ రికార్డుల్లో రాసి ఉంచే జాబితా. డీకిమ్ అంటే ప్రతి మెయిల్ మీదా వేసే ముద్ర లాంటిది, దారిలో ఎవరూ మార్చలేదని అవతలివాళ్లు సరిచూసుకోవచ్చు. 2024 ఫిబ్రవరి నుంచి గూగుల్, యాహూ ఈ విషయంలో గట్టిగా ఉంటున్నాయి. జీమెయిల్ ఐడీలకి రోజుకి 5,000, అంతకుమించి పంపేవాళ్లకైతే ఈ రెండూ ఉండాలి, వాటి మీద డీమార్క్ కూడా ఉండాలి, అంటే ఈ పరీక్షల్లో తప్పిన మెయిల్‌ని ఏం చేయాలో చెప్పే రికార్డు. సైటు చేసిన కుర్రాడితో కూర్చుని ఆయన ఇవి పెట్టించుకున్నారు. జవాబులు రావడం మొదలైంది. మీ చెల్లి కాలేజీకి కూడా మీరు పంపిన మెయిల్ మాకు స్పామ్‌లో పడిందని ఒక ముక్క రాయండి, వాళ్ల ఐటీ వాళ్లు చూసుకుంటారు.

ఒక జాగ్రత్త. స్పామ్‌లో ఉన్నది మంచిదే అయ్యుంటుందన్న ఆశతో అన్నీ బయటికి లాగొద్దు. నిజానికి చాలావరకు జీమెయిల్ సరిగ్గానే పట్టుకుంటుంది. మా వాడికే ఆ నెలలో ఇంకో ఉద్యోగం మెయిల్ స్పామ్‌లో కనబడింది, రిజిస్ట్రేషన్ ఫీజు కట్టమని. పంపినవాళ్ల పేరు మీద నొక్కి అసలు అడ్రసు చూస్తే కంపెనీకీ దానికీ సంబంధమే లేదు. అలాంటివాటికి డబ్బు పోగొట్టుకున్నవాళ్లు ఉంటే ఆలస్యం చేయకుండా సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయాలి.

ఇప్పుడు వాడు ఆదివారం టిఫిన్ తిన్నాక స్పామ్ ఒకసారి చూసుకుంటాడు, దరఖాస్తు పెట్టిన వారమైతే రోజూ చూస్తాడు. మీ చెల్లి విషయంలో గడువు దాటి రెండు రోజులే అంటున్నారు కాబట్టి ఇవాళే ఆ మెయిల్‌కే రిప్లై కొట్టి, అది స్పామ్ ఫోల్డర్‌లో ఉన్నప్పటి స్క్రీన్‌షాట్ తీసి ఉంటే జతచేసి అడగండి. సీటు ఇంకా వేరేవాళ్లకి ఇవ్వకపోతే ఒప్పుకోవచ్చు. మెయిల్‌తో ఆగకుండా కాలేజీ ఆఫీసుకి ఫోన్ కూడా చేయండి, మీ రిప్లై వాళ్ల స్పామ్‌లో పడకుండా ఉండాలి కదా.